థ్రాటిల్ సెన్సార్‌ని కొత్త ఈసీయూకి కుదర్చడం ఎలా? మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే చోట తిరిగాయి. బయట కొన్న ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్టుకున్నాం, ఇంజెక్టర్లు కాయిల్ అన్నీ కుదిరాయి, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ దగ్గర ఆగిపోయాం అని. మాటిమాటికీ అంత పేరు రాయడం కష్టం కాబట్టి టీపీఎస్ అందాం. మిగతా ప్రశ్నలు వచ్చేసారికి ఉంచి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: సార్ నమస్తే. నా దగ్గర ఎనభైల నాటి ఇంజెక్షన్ ఇంజిన్ ఉంది, పాత కంప్యూటర్ పోయింది కాబట్టి మెగాస్క్విర్ట్ అనే ఈసీయూ పెట్టాను. థ్రాటిల్ బాడీ పక్కన 3 పిన్నుల సెన్సార్ ఉంది కదా అని మూడు వైర్లూ దానికే ఇచ్చాను. లాప్‌టాప్‌లో చూస్తే కాలు తీసినప్పుడు సున్నా, కొంచెం తొక్కితే నంబర్ ఎటు పడితే అటు ఊగుతుంది, పూర్తిగా తొక్కితే ఒక్కసారిగా 100. సెన్సార్ పోయినట్టేనా? వేరేది పెట్టాలంటే ఏం చూసుకోవాలి?

జవాబు: పోలేదండీ, అది బాగానే పనిచేస్తోంది, కాకపోతే మీరు అనుకుంటున్న వస్తువు కాదు. అది స్విచ్. లోపల రెండే కాంటాక్టులు ఉంటాయి, ఒకటి కాలు తీసినప్పుడు కలుస్తుంది, ఇంకోటి ఫుల్ తొక్కినప్పుడు కలుస్తుంది, మధ్యలో రెండూ విడిపోయి ఉంటాయి. అందుకే మధ్యలో మీ ఈసీయూకి సిగ్నల్ వైరు గాల్లో వేలాడుతున్నట్టే, నంబర్ ఊగక ఏం చేస్తుంది. బాష్ వాళ్ల ఎల్-జెట్రానిక్ లాంటి సిస్టమ్‌లకి ఇది సరిపోయేది, ఎందుకంటే లోపలికి వెళ్లే గాలిని ఒక తలుపు లాంటి ఎయిర్ ఫ్లో మీటర్ కొలిచేది, థ్రాటిల్ దగ్గర్నుంచి ఆ కంప్యూటర్‌కి కావాల్సింది ఐడిల్‌లో ఉన్నామా, ఫుల్ లోడ్‌లో ఉన్నామా అన్న రెండు ముక్కలే. అంతకంటే ముందు 1967లో వచ్చిన డీ-జెట్రానిక్‌లో అయితే స్విచ్ లోపల దువ్వెన పళ్లలాంటి కాంటాక్టులు ఉండేవి, తొక్కుతూ పోతే టక టక పల్సులు పంపేది, ఆ పల్సులకి కాస్త ఎక్కువ పెట్రోల్ పడేది. అది కూడా కోణం చెప్పేది కాదు, కదలిక మాత్రమే చెప్పేది.

ఇంకో అనుమానం లేకుండా తేల్చుకోవాలంటే ప్లగ్ పీకేసి మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి రెండేసి పిన్నుల మధ్య కొలుస్తూ బటర్‌ఫ్లైని (థ్రాటిల్ లోపల తిరిగి గాలికి దారిచ్చే రేకుని) మెల్లగా తెరవండి. రీడింగ్ సున్నా లేదా ఓపెన్, ఈ రెండే వస్తుంటే స్విచ్. మెల్లగా ఎక్కుతూ దిగుతూ ఉంటే పొటెన్షియోమీటర్, అంటే ట్రాక్ అనే రెసిస్టర్ పట్టీ మీద వైపర్ అనే కాంటాక్టు జరుగుతూ ఉండేది, మనకి కావాల్సింది అదే. 3 పిన్నులు ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కాదు, ప్లగ్ ఆకారం చూసి మోసపోయిన వాళ్లని చాలామందిని చూశాను.

కొత్త సెన్సార్ దొరికేదాకా బండి ఆపుకోనక్కర్లేదు. మీది మ్యాప్ సెన్సార్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) మీద పెట్రోల్ లెక్కేసే సెటప్ అయితే యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్‌ని (తొక్కగానే కలిపే అదనపు పెట్రోల్‌ని) తాత్కాలికంగా మ్యాప్ మార్పు మీద పెట్టుకోవచ్చు, మెగాస్క్విర్ట్‌లో ఆ సెట్టింగ్ ఉంది. పికప్ కొంచెం మందంగా ఉంటుంది అంతే.

ఇక వేరే సెన్సార్ వెతికేటప్పుడు బ్రాండ్ గురించి తర్వాత ఆలోచించండి, ముందు నాలుగు విషయాలు చూడండి. మీ థ్రాటిల్ షాఫ్ట్ సెన్సార్ వైపు నుంచి చూస్తే తెరుచుకునేటప్పుడు ఏ దిక్కుకి తిరుగుతుంది. షాఫ్ట్ చివర ఆకారం ఏంటి, ఒక వైపు చదును చేసిన డీ ఆకారమా, గాడిలో కూర్చునే నాలుకా. సెన్సార్ ఎంత కోణం తిరగగలదు, బటర్‌ఫ్లై 80 నుంచి 90 డిగ్రీల దాకా తిరుగుతుంది కాబట్టి సెన్సార్ అంతకంటే ఎక్కువే తిరగాలి. సెన్సార్‌లో సొంత స్ప్రింగు ఉందా, ఉంటే ఏ వైపు లాగుతుంది. పాత బాష్ స్విచ్‌లు చాలావాటికి డీ రంధ్రమే ఉంటుంది, అదే కంపెనీ పొటెన్షియోమీటర్లలో డీ రంధ్రంవి ఉన్నాయి కాబట్టి ముందు అక్కడ వెతకండి, కానీ షాఫ్ట్ మందం, స్క్రూల మధ్య దూరం కాలిపర్‌తో కొలవకుండా కొనకండి.

స్క్రూ రంధ్రాలు కుదరవు, దాదాపు ఎప్పుడూ కుదరవు, కాబట్టి అడాప్టర్ ప్లేటు కోసుకోవాల్సిందే. 4 లేదా 5 మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు. ముందు అట్టముక్క మీద కోసి పెట్టి చూసుకోండి. 3డీ ప్రింటింగ్ చేద్దామనుకుంటే పీఎల్ఏతో మాత్రం వద్దు, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఇంజిన్ పక్కన ఆ వేడి మామూలే, వంగిపోతే రీడింగ్ రోజుకో చోటికి పోతుంది. ప్లేటులో సెన్సార్ స్క్రూల కోసం గుండ్రటి రంధ్రాలు కాకుండా వంపు తిరిగిన పొడుగు గాళ్లు కోయండి, తర్వాత సెన్సార్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పి సెట్ చేసుకోవాలి కదా.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది సెంటర్ దగ్గర. షాఫ్ట్ మధ్యరేఖ, సెన్సార్ మధ్యరేఖ ఒకే గీత మీద లేకపోతే ప్రతి తొక్కుడుకీ సెన్సార్ బుష్ మీద పక్క ఒత్తిడి పడి కొన్ని నెలల్లోనే అరిగిపోతుంది. నేను చేసే పద్ధతి చెప్తాను. ప్లేటుని థ్రాటిల్ బాడీకి బిగించే స్క్రూలు వదులుగా ఉంచి సెన్సార్‌ని షాఫ్ట్ మీద కూర్చోబెట్టి బటర్‌ఫ్లైని పది ఇరవై సార్లు పూర్తిగా తెరిచి మూస్తాను, ప్లేటు తనకి నచ్చిన చోటికి తనే జరుగుతుంది, అది ఇక కదలడం మానేశాక అక్కడే స్క్రూలు బిగిస్తాను. బిగించాక మళ్లీ తిప్పి చూసినప్పుడు ఎక్కడా బిగుసుకోకూడదు. సెన్సార్ సహజంగా ఆగే చోటు కంటే కొద్దిగా ముందుకి తిప్పి బిగిస్తే స్ప్రింగు ఎప్పుడూ కాస్త లాగుతూ ఉంటుంది, డీ రంధ్రంలో ఉన్న ప్లే అంతా ఒక వైపుకి పోతుంది, కాలు తీసిన ప్రతిసారీ అదే వోల్టేజికి వస్తుంది. ఈ పని అంతా చేసేది దీనికోసమే, నిన్న 0.62 వోల్టులు ఉన్న చోట ఈరోజు కూడా 0.62 ఉండాలి. మొదలు 0.5 అయినా 0.8 అయినా ఈసీయూకి చెప్పుకోవచ్చు, కానీ రోజూ మారిపోతే ఎంత ట్యూనింగ్ చేసినా నిలవదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. బటర్‌ఫ్లై రెండు చివరలా దాని సొంత స్టాపర్ మీద ఆగాలి, సెన్సార్ మీద కాదు. సెన్సార్ పెట్టాక థ్రాటిల్ పూర్తిగా తెరిచి చేత్తో వదిలేస్తే టప్‌మని మూసుకోవాలి. ఒక్కసారైనా మధ్యలో ఆగితే ఆ బండి రోడ్డెక్కకూడదు, మళ్లీ విప్పండి.

ప్రశ్న: అన్నా, స్క్రాప్‌లో థ్రాటిల్ బాడీ టీపీఎస్‌తో సహా దొరికింది, ప్లగ్ దగ్గర వైర్లు కత్తిరించి ఉన్నాయి. ఏది 5 వోల్టులు, ఏది గ్రౌండ్, ఏది సిగ్నల్ ఎలా తెలుస్తుంది? రంగుల బట్టి ఇచ్చేయనా?

జవాబు: రంగుల్ని నమ్మకు తమ్ముడూ. కంపెనీకో రంగు, ఒకే కంపెనీలో మోడల్‌కో రంగు. మీటర్ తీసుకో. మూడు పిన్నుల్లో రెండేసి చొప్పున మూడు జతలు కదా, ఒక్కో జత మీద మీటర్ పెట్టి థ్రాటిల్ తిప్పు. ఏ జతలో రీడింగ్ కదలకుండా ఉంటుందో, సాధారణంగా 1 నుంచి 10 కిలో ఓమ్‌ల మధ్య, ఆ రెండూ ట్రాక్ చివరలు, వాటికే 5 వోల్టులు, గ్రౌండ్ వెళ్లాలి. మిగిలిన మూడోది వైపర్, అదే సిగ్నల్. ఇప్పుడు మీటర్‌ని వైపర్‌కీ ఒక చివరకీ పెట్టి థ్రాటిల్ తెరువు, రెసిస్టెన్స్ పెరిగితే ఆ చివర గ్రౌండ్, తగ్గితే ఆ చివర 5 వోల్టులు. అలా ఇస్తే తొక్కేకొద్దీ సిగ్నల్ వోల్టేజి పెరుగుతుంది. చాలా సెన్సార్లలో వైపర్‌తో సిరీస్‌లో ఇంకో చిన్న రెసిస్టర్ ఉంటుంది, అందుకని వైపర్ నుంచి రెండు చివరలకీ కొలిచినవి కలిపితే మొత్తం ట్రాక్ కంటే ఎక్కువ వస్తుంది, అది చూసి సెన్సార్ చెడిపోయిందని పారేయకు.

పొరపాటున వైపర్‌కి 5 వోల్టులు, ఒక చివరకి గ్రౌండ్ ఇచ్చావనుకో, మధ్యలో ఉన్నంతసేపు ఏమీ తెలియదు, వైపర్ ఆ చివరకి చేరగానే 5 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కి షార్ట్ అయినట్టే. ట్రాక్ కాలుతుంది, లేదా ఈసీయూ 5 వోల్టుల సప్లై పడిపోయి దాని మీదే ఉన్న మ్యాప్ సెన్సార్ కూడా తప్పుడు రీడింగ్ ఇస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ఒక సెన్సార్‌ని అలాగే పోగొట్టుకున్నాను, ఐడిల్‌లో బాగానే ఉంది కదా అని ఫుల్ తొక్కాను, అంతే.

నాలుగు పిన్నులు ఉంటే కంగారు వద్దు, పొటెన్షియోమీటర్‌తో పాటు ఐడిల్ స్విచ్ కూడా అందులోనే ఉంటుంది. టయోటా వాటిలో వీసీ అంటే 5 వోల్టులు, వీటీఏ సిగ్నల్, ఈ2 గ్రౌండ్, ఐడీఎల్ స్విచ్. కొత్త ఈసీయూకి స్విచ్ అక్కర్లేదు, వదిలేయ్.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎటు కొలిచినా థ్రాటిల్ తిప్పితే ఓమ్స్ కదలట్లేదంటే అది హాల్ సెన్సార్ అయ్యుండొచ్చు, లోపల ట్రాక్ ఉండదు, అయస్కాంతం, చిప్ ఉంటాయి. దాన్ని ఓమ్స్‌తో తేల్చలేం, పిన్నుల వివరం కచ్చితంగా దొరికాకే 5 వోల్టులు ఇచ్చి సిగ్నల్ కొలవాలి. పొటెన్షియోమీటర్ ఉల్టా తిరిగితే రెండు చివరలూ మార్చి ఇచ్చేస్తే సరిపోతుంది, హాల్ సెన్సార్‌కి అదే పని చేస్తే చిప్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: సెల్ఫ్ కొడితే తిరుగుతుంది కానీ స్టార్ట్ అవ్వదు, ప్లగ్గులు పొడిగా ఉన్నాయి. విసుగొచ్చి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కొడితే స్టార్ట్ అయ్యి వెంటనే ఆగిపోతుంది! టీపీఎస్ మార్చిన దగ్గర్నుంచే ఇలా. ఇదేంటి సార్?

జవాబు: మీ టీపీఎస్ ఉల్టా చదువుతోంది. చాలా ఈసీయూల్లో ఫ్లడ్ క్లియర్ అని ఒకటి ఉంటుంది, ఇంజిన్‌లో పెట్రోల్ ఎక్కువై తడిసిపోతే ఫుల్ తొక్కి సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్లు ఆపేసి గాలి మాత్రమే పంపి ఆరబెడుతుంది, సాధారణంగా 70 శాతం పైన ఏదో ఒక దగ్గర సెట్ చేసి ఉంటుంది. మీరు కాలు తీస్తే ఈసీయూకి 100 కనిపిస్తోంది, ఫ్లడ్ క్లియర్ అనుకుని పెట్రోల్ ఆపుతోంది. ఫుల్ తొక్కితే సున్నా కనిపించి పెట్రోల్ వదులుతోంది. లాప్‌టాప్ తగిలించి కీ ఆన్ చేసి ఇంజిన్ ఆపి ఉంచి తొక్కి చూడండి, నంబర్ పెరగాల్సింది పోయి తగ్గుతుంది. పొటెన్షియోమీటర్ అయితే ట్రాక్ రెండు చివరల వైర్లూ ఒకదాని చోట ఒకటి మార్చండి, తర్వాత మళ్లీ కాలిబ్రేట్ చేయండి, అంటే కాలు తీసిన చోటు సున్నా, ఫుల్ తొక్కిన చోటు 100 అని ఈసీయూలో సేవ్ చేయండి.

కాలిబ్రేట్ చేసేటప్పుడు బానెట్ దగ్గర నిలబడి చేత్తో థ్రాటిల్ తెరిచి ఫుల్ అని సేవ్ చేయకండి. సీట్లో కూర్చుని కాలితో తొక్కండి. కేబుల్ సాగుతుంది, పెడల్ కింద కార్పెట్ అడ్డం వస్తుంది, చేత్తో వచ్చే ఫుల్, కాలితో వచ్చే ఫుల్ ఒకటి కాకపోవచ్చు. ఐడిల్ స్క్రూ తిప్పినా, కేబుల్ బిగించినా మళ్లీ చేయాల్సిందే.

ప్రశ్న: పాత రేడియో వాల్యూమ్ కంట్రోల్ పొటెన్షియోమీటర్ పెట్టొచ్చా? అదీ 3 కాళ్లే కదా.

జవాబు: బల్ల మీద ఈసీయూ టెస్ట్ చేసుకోవడానికి బాగుంటుంది, నేనూ వాడతాను. ఇంజిన్ మీదకి వద్దు. చాలావరకు అవి లాగ్ టేపర్‌వి, సగం తిప్పితే సగం వోల్టేజి రాదు. దాదాపు 270 డిగ్రీలు తిరుగుతాయి కాబట్టి థ్రాటిల్‌కి అందులో మూడో వంతే పనికొస్తుంది. దుమ్ము, నూనె, వేడి, నిమిషానికి వేలసార్లు వచ్చే వైబ్రేషన్ తట్టుకునేలా చేసినవి కావు, లోపల స్ప్రింగు లేదు.

ప్రశ్న: నమస్కారం సార్. హైవే మీద ఒకే స్పీడులో, కాలు అస్సలు కదపకుండా పోతుంటే చిన్న చిన్న జర్కులు వస్తున్నాయి. వేగంగా పోతే లేవు, ఐడిల్‌లో లేవు. ట్యూన్ చేసిన అతను టీపీఎస్ సెన్సిటివిటీ తగ్గిస్తే జర్కులు పోయాయి కానీ పికప్ కూడా పోయింది.

జవాబు: ఆయన రోగాన్ని వదిలేసి మూలుగుని ఆపాడు. ఈసీయూ టీపీఎస్ విలువ కంటే దాని వేగాన్ని ఎక్కువ పట్టించుకుంటుంది, నంబర్ ఎంత త్వరగా ఎగిరిందో చూసి పెట్రోల్ కలుపుతుంది. ట్రాక్ మీద ఒక చోట అరిగిపోయి వైపర్ క్షణకాలం విడిపోయి మళ్లీ తగిలితే, మీ కాలు కదలకపోయినా, ఈసీయూకి మీరు దభీమని తొక్కినట్టు కనిపిస్తుంది. అది కూడా ఎప్పుడూ ఒకే చోట అరుగుతుంది, మనం ఎక్కువసేపు నడిపేది కొద్దిగా తెరిచిన థ్రాటిల్ మీదే కాబట్టి. డేటాలాగ్ (ఈసీయూ రీడింగుల రికార్డు) తీసి చూడండి, జర్కు వచ్చిన క్షణంలో టీపీఎస్ గీతలో సన్నటి ముల్లు కనపడితే దొరికినట్టే. డిజిటల్ మీటర్ ఇంత చిన్న ముల్లుని చూపించదు, పాత ముల్లు మీటర్ అయితే మెల్లగా తిప్పేటప్పుడు ఆ చోట ముల్లు టక్కున దూకుతుంది. అది కనపడితే సెన్సార్ మార్చడమే, క్లీనర్ స్ప్రే కొట్టినా పోయిన కార్బన్ తిరిగి రాదు.

ముళ్లు ఒకే చోట కాకుండా అన్ని చోట్లా ఉంటే సెన్సార్‌ని అనకండి, వైరింగ్ చూడండి. నా బండిలో ఒకసారి రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అయినప్పుడల్లా టీపీఎస్ 2 శాతం పెరిగేది, ఎన్ని రోజులు వెతికానో. చివరికి చూస్తే వైరింగ్ చేసినవాళ్లు సెన్సార్ గ్రౌండ్‌ని ఇంజిన్ బ్లాక్ బోల్టుకి ఇచ్చేశారు. ఫ్యాన్ కరెంటు బ్లాక్ మీదుగా పోయేటప్పుడు అక్కడ 0.1 వోల్టు లేచినా చాలు, 0.5 నుంచి 4.5 దాకా ఉన్న 4 వోల్టుల పరిధిలో అది 2.5 శాతం. సెన్సార్ గ్రౌండ్ ఈసీయూలో దానికోసం ఇచ్చిన పిన్నుకే వెళ్లాలి. 5 వోల్టులు కూడా ఈసీయూదే వాడాలి, విడిగా రెగ్యులేటర్ పెడితే అది కొంచెం అటూ ఇటూ అయినప్పుడల్లా రీడింగ్ మారుతుంది. ఇగ్నిషన్ వైర్లకి దూరంగా, షీల్డ్ ఉన్న కేబుల్‌లో తీసుకెళ్లండి, షీల్డ్‌ని ఈసీయూ వైపు మాత్రమే గ్రౌండ్ చేయండి. ఇవన్నీ అయ్యాక సెన్సిటివిటీ మళ్లీ పెంచుకోండి, మీ పికప్ మీకు వస్తుంది.

ప్రశ్న: సార్, నేనూ మా అన్నయ్యా కలిసి పాత కారు ఇంజిన్‌కి బైక్ థ్రాటిల్ బాడీలు 4 పెట్టాం, సిలిండర్‌కి ఒకటి. మ్యాప్ సిగ్నల్ బాగా ఊగుతోందని ఆల్ఫా-ఎన్‌లో నడుపుతున్నాం. సగం తొక్కితే బాగుంది, ఫుల్ బాగుంది, కొంచెం తొక్కితే మాత్రం ఒకసారి మిస్ కొడుతుంది, ఇంకోసారి పొగ.

జవాబు: బాగా చేశారమ్మా, ఇద్దరూ. ఆల్ఫా-ఎన్‌లో మీ ఇంజిన్ ఎంత గాలి పీలుస్తోందో చెప్పేది ఆ టీపీఎస్, ఆర్పీఎం మాత్రమే, అందుకని మామూలు సెటప్‌లో క్షమించే తప్పులు ఇక్కడ క్షమించదు. నాలుగు పెద్ద థ్రాటిళ్లు ఉన్నప్పుడు తక్కువ ఆర్పీఎంలో పావు వంతు తెరిచేసరికే ఇంజిన్ పీల్చగలిగిందంతా దాదాపు పీల్చేస్తుంది, ఆ తర్వాత ఎంత తెరిచినా పెద్ద తేడా ఉండదు. అంటే కష్టమంతా మొదటి కొన్ని శాతాల్లోనే ఉంది. మీ పెట్రోల్ టేబుల్‌లో థ్రాటిల్ గళ్లు 0, 10, 20, 30 అని సమానంగా పెట్టి ఉంటారు, దాన్ని 0, 1.5, 3, 5, 8, 12, 18 ఇలా కింద దగ్గర దగ్గరగా, పైన దూరం దూరంగా మార్చండి. ఈ అంకెలు నమూనా మాత్రమే, మీ లాగ్ చూసి సర్దుకోండి.

రిజల్యూషన్ కూడా చూసుకోండి. 10 బిట్ల ఈసీయూ 5 వోల్టుల్ని 1024 మెట్లుగా చూస్తుంది, ఒక్కో మెట్టు సుమారు 5 మిల్లీవోల్టులు. మీ సెన్సార్ 4 వోల్టులు తిరిగితే 800 పైచిలుకు మెట్లు దొరుకుతాయి, అదే లింకేజి వల్ల 1 వోల్టే కదులుతుంటే 200 మెట్లే, ఒక్కో మెట్టూ అర శాతం. 1.5 కీ 3 కీ మధ్య మూడు మెట్లే ఉంటే ఎంత ఓపికగా ట్యూన్ చేసినా మిస్ పోదు.

వీటన్నిటికంటే ముందు నాలుగు థ్రాటిళ్లూ వాక్యూమ్ గేజ్‌తో సింక్ చేయండి. సెన్సార్ ఉన్నది ఒక షాఫ్ట్ చివరే కదా, మధ్యలో లింకేజి లూజుగా ఉంటే సెన్సార్ చెప్పేది ఆ ఒక్క థ్రాటిల్ సంగతే, మిగతా మూడూ వాటి దారిన అవి ఉంటాయి. సింక్ అయ్యాకే టీపీఎస్ కాలిబ్రేషన్, ఆ తర్వాతే టేబుల్.

ప్రశ్న: కొత్త కారు థ్రాటిల్ బాడీ కొన్నాను, 6 పిన్నులు ఉన్నాయి, కేబుల్ కట్టే చోటు లేదు. అందులోని టీపీఎస్ మాత్రం వాడుకోవచ్చా?

జవాబు: అది ఎలక్ట్రానిక్ థ్రాటిల్, రెండు పిన్నులు మోటార్‌వి, మిగతా నాలుగింటిలో 5 వోల్టులు, గ్రౌండ్, రెండు సిగ్నళ్లు. రెండు సిగ్నళ్లు ఉన్నది ఊరికే కాదు, చాలావాటిలో ఒకటి పెరుగుతుంటే ఇంకోటి తగ్గుతుంది, ఈసీయూ రెండిటినీ ప్రతిక్షణం పోల్చుకుని తేడా వస్తే మోటార్‌కి కరెంటు ఆపేస్తుంది. మీ ఈసీయూలో ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌కి ఆ చెకింగ్‌లతో సహా సపోర్ట్ ఉంటే, రెండు సిగ్నళ్ల పెడల్‌తో కలిపి వాడండి. లేకపోతే దయచేసి వద్దు, ఒక్క సిగ్నల్‌తో మోటార్ తిప్పే సర్క్యూట్లు చేసుకుంటున్నారు కొందరు, ఆ వైరు ఊడిన రోజు థ్రాటిల్ ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. కేబుల్ థ్రాటిల్ బాడీ వెతుక్కోండి.

ప్రశ్న: పాత ఈసీయూని గేర్‌బాక్స్ కోసం ఉంచేసి ఇంజిన్ మాత్రం కొత్తదానితో నడపాలనుకుంటున్నా. ఒకే టీపీఎస్ రెండిటికీ ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొచ్చు, సిగ్నల్ మాత్రమే. 5 వోల్టులు, గ్రౌండ్ ఒక్క ఈసీయూ నుంచే రావాలి, రెండు 5 వోల్టుల సప్లైలని ఎప్పుడూ కలపకండి. నేనైతే పాతదాని దగ్గరే 5 వోల్టులు, గ్రౌండ్ ఉంచేసి సిగ్నల్ వైరు నుంచి ఒక కొమ్మ తీసి కొత్తదానికి ఇస్తాను, ఎందుకంటే పాతదానికి తన రీడింగ్ కొంచెం మారినా గేర్లు మారే పాయింట్లు మారతాయి. కొత్తదాని ఇన్‌పుట్‌లో పుల్-అప్ రెసిస్టర్ ఉంటే సిగ్నల్ కొద్దిగా పైకి లాగుతుంది, అందుకని కొమ్మ తగిలించే ముందూ తర్వాతా మీటర్‌తో కాలు తీసినప్పటి వోల్టేజి, ఫుల్ తొక్కినప్పటి వోల్టేజి కొలవండి, తేడా 20, 30 మిల్లీవోల్టులు దాటితే ఆ పుల్-అప్ తీసేయాలి. కొలిచిన ఆ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అతికించండి, ఆరు నెలల తర్వాత ఏదైనా తేడా చేస్తే మొదట పోల్చుకోవాల్సింది వాటితోనే.